రిలీవర్ రాని గార్డు

తెర మీద గార్డు భార్య ఇంకా నోరు విప్పకముందే హాల్లో నవ్వులు మొదలయ్యాయి.

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో, ఇంజనీరింగు క్యాంపస్ గేటుకి దగ్గర్లో ఉన్న కోచింగ్ సెంటరు మేడమీద హాలు అది. ఆదివారం సాయంత్రం. హాలు నిండా తెలుగు స్టూడెంట్లే. హైదరాబాదు నుంచీ గుంటూరు నుంచీ వచ్చి చదువుకుంటున్న పిల్లలు. ఆఖరి వరసలో గోడవారన రాధారాణి కూర్చుంది. పక్కన ఆమె అక్క కూతురు ఇందు. తెర మీద కదులుతున్న బొమ్మలన్నీ ఇందు గీసినవి. గార్డు భార్య గొంతు రాధారాణిది.

కార్టూన్ కథ చిన్నదే. గూడ్సు గార్డు సింహాద్రి బండి చివరనుండే బ్రేక్‌వేన్‌లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలేస్తాడు. అతని బదులు డ్యూటీ ఎక్కవలసిన రిలీవర్ మాత్రం రాడు. రిలీవర్ వచ్చి ఛార్జి తీసుకునేదాకా గార్డు డ్యూటీ దిగినట్టు కాదు. అంచేత సింహాద్రి చచ్చిపోయి కూడా రోజూ డ్యూటీకి వెళ్తుంటాడు. జెండా ఊపుతాడు. ఆ జెండా చేత్తో పట్టుకునే ఇంటికొస్తాడు. ఎవరూ ఆశ్చర్యపోరు. భార్య మాత్రం అతని కాళ్లకేసి చూసి కసురుకుంటుంది.

"సచ్చిపోనారని సెప్పి ఇల్లంతా బురద సేసీస్తారేటి? ఆ బూట్లు గుమ్మంకాడ ఇప్పండి."

ఈ మాట రాధారాణి రికార్డింగులో మామూలుగా, అలసటగా, రోజూ అనే మాటలా అంది. ఇప్పుడు తెరమీంచి వచ్చిన గొంతు ఆమెది కాదు. ఎవరో దాన్ని మెషీన్లో వేసి కీచుగా సాగదీశారు. ఇందు గీసిన భార్య బక్కపలచటి మనిషి. గాజులకి పిన్నీసులు తగిలించుకుని, కొంగు నడుంకి దోపుకుని ఉండేది. ఇప్పుడా మనిషికి పెద్ద పొట్ట వచ్చింది. నడిస్తే నడుం అటూ ఇటూ ఊగుతోంది. ఊగినప్పుడల్లా డప్పు చప్పుడు. ఆ బొమ్మ "ఏటి" అన్నప్పుడల్లా వెనకనించి రికార్డు నవ్వులు, వాటి మీద స్టూడెంట్ల నవ్వులు.

తర్వాత ఆఫీసరు వచ్చాడు. సింహాద్రి చల్లబడిన చెయ్యి పట్టి చూసి, పుస్తకాల తెలుగులో అడిగాడు. "చనిపోవడానికి ముందుగా అనుమతి తీసుకున్నారా?"

ఇందు చాలా ఇష్టపడి రాసుకున్న మాట అది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఎవరో సెల్‌ఫోను వెలిగించుకున్నారు. మళ్లీ భార్య కనిపించగానే ఈలలు పడ్డాయి.

రాధారాణి ఇందు ముఖంలోకి చూసింది. ఇందు కళ్లు తెర మీద లేవు, ఒళ్లో ఉన్న చేతుల మీద ఉన్నాయి.

"ఇదంతా ఎవులు మార్సినారే?"

"ప్రద్యుమ్న గారు. మార్సినట్టు నాకూ ఇక్కడికొచ్చినాకే తెల్సినాది పిన్నీ."

లైట్లు వేశాక అందరూ మెట్లు దిగుతున్నారు. ముందు దిగుతున్న కుర్రాడొకడు నడుం ఊపుతూ, "ఏటీ... ఏటి సేసీస్తారేటీ" అని కీచుగొంతు పెట్టాడు. మిగతావాళ్లు నవ్వలేక ఒకరి భుజం ఒకరు పట్టుకుంటున్నారు. వెనక రాధారాణి ఉందని ఆ కుర్రాడు చూశాడు గాని, ఆ గొంతు ఈవిడదని అతనికేం తెలుసు?

"దారివ్వాలా ఆంటీ? వెళ్లండి," అని మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

కింద ప్రద్యుమ్న ఎదురొచ్చాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడే. వాళ్ల నాన్న వరాహనరసింహం మేష్టారు ఇక్కడే తెలుగు చెప్పేవారు. ఇప్పుడతను హైదరాబాదులో, ఫోన్లలోకి సీరియళ్లూ కార్టూన్లూ ఇచ్చే ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇందు కార్టూన్ నచ్చితే మొత్తం సీరియల్ తీయిస్తామని చెప్పి, వాళ్ల తరఫున జనం నాడి చూడ్డానికి వచ్చాడు.

"చూశారా ఆంటీ! మీరు నోరు విప్పితే చాలు, హాలు ఊగిపోయింది."

"నవ్వినోల్లకి కతేటో తెల్సినాదేటి బాబూ?"

అదీ జోకే అనుకుని ప్రద్యుమ్న పెద్దగా నవ్వాడు.

*

సోమవారం పొద్దున్న రైల్వే వర్క్‌షాపులో, సీట్లు కుట్టే ట్రిమ్మింగ్ సెక్షన్‌లో రాధారాణి నీలం రెక్సిన్ బల్లమీద పరిచి, అరచేత్తో ముడతలు తోసింది. బెర్తు అచ్చు దానిమీద పెట్టి సుద్దతో గీసింది. రోజూ గీత గీస్తూనే రెండో చేత్తో కత్తెర అందుకునేది. ఇవాళ గీత పూర్తయ్యాక సుద్ద పట్టుకుని అలాగే నిలబడింది.

ఎదర ఫోమ్ ముక్కలు సర్దుతున్న సూసన్న తలెత్తింది. "ఏటే, నిన్న నీ సినిమా ఏటైనాది? నవ్వినారా?"

"నవ్వినారు."

"మరింకేటి?"

"కతకి నవ్వనేదు సూసన్నా. నా మాటకి నవ్వినారు. నేనేటన్నానని గాదు, ఎలాగన్నానని."

"నవ్వులో కూడా రకాలుంటాయేటే?"

"ఉంటాయి," అంది రాధారాణి. కత్తెర తీసుకుంది. మందపాటి రెక్సిన్‌లోకి కత్తెర గీత తప్పకుండా కరకరమని దిగింది. కుట్టు మిషను దగ్గర కూర్చుని, అంచులో పైపింగ్ తాడు ఇరికించి, బొటనవేలితో అదిమిపెట్టి తొక్కడం మొదలుపెట్టింది.

మొదట్లో ఇందు ఏవో విదేశీ కార్టూన్లు చూపించినప్పుడు రాధారాణికి నవ్వు రాలేదు. ఒకడి తలకాయ ఊడిపోతుంది, ఇంకొకడు దాంతో బంతాడతాడు. "ఇందులో నవ్వేటుందే?" అని అడిగింది. "తలకాయ ఊడిపోడం గాదు పిన్నీ. ఊడిపోనాక ఆడి పెళ్లాం సూడు, ఇప్పుడు టోపీ ఎక్కడెట్టుకుంటావని అడుగుతాది. దానికదే బెంగ," అంది ఇందు. రాధారాణికి చప్పున తెలిసొచ్చింది. అలాంటి బెంగ ఆవిడకి కొత్త కాదు.

భోజనాల వేళకి హరిబాబు వచ్చాడు. రాధారాణి భర్తకి తమ్ముడు. చక్రాల షాపులో పని. చేతుల గ్రీజు ఇంకా గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

"వదినా, మా షాపోల్లు సెల్లులో సూపించినారు. నిన్నటి హాల్లో ఎవులో తీసినారంట. అది నీ గొంతే గదా?"

"నాదే."

"గార్డు సచ్చిపోడమేటి, మల్లీ ఇంటికి రాడమేటి! మా అన్నయ్య గార్డు గాడా? ఆడు పోయి ఎన్నాల్లయినాదని ఆడి మీద నవ్విస్తన్నావు? రేపు అమ్మ సూస్తే ఏటవుద్ది?"

సూసన్న గిన్నె మూత పెట్టేసి పక్కకి తప్పుకుంది. రాధారాణి మిషను మీంచి పాదం తీసింది.

"నీకు మొదట్నించీ అంతే. దినాలు వెల్లకుండానే గుమ్మంలో నిలబడి నవ్వీసినావు. అందరం సూసినాం," అన్నాడు హరిబాబు.

"సూసినావు గాని ఎందుకు నవ్వినానో అడిగినావేటి?"

హరిబాబు మళ్లీ గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు.

"ఆ రోజు ఎవులో గార్డు వేరే ఊర్నించి కొత్తగా వొచ్చినాడు. పాపం, ఏటీ తెల్దు. తలుపు కొట్టి, గిరిబాబు గారున్నారా అన్నాడు. పోనారండి అన్నాను. అలాగా, మల్లీ ఎప్పుడొస్తారన్నాడు." రాధారాణి పెన్ను పట్టుకున్నట్టు చేత్తో చూపించింది. "డైరీ తీసి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు హరీ. ఎప్పుడొస్తారో రాసుకుందారని. నాకు నవ్వొచ్చీసింది. అన్నాల్లూ గొంతులో అన్నం ముద్ద దిగనేదు. ఆ నవ్వొచ్చినాకే దిగింది. మీ అన్నయ్యని ఎక్కిరించడం గాదది. ఆయనే ఉంటే నాకన్నా ముందు నవ్వీవోడు."

హరిబాబు గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. "ఏటో. అమ్మకి మాత్రం సూపించకు."

"సూపిస్తాను. నిన్న సూపించింది గాదు, మాది సూపిస్తాను."

*

మంగళవారం డ్యూటీ దిగి, సైకిలు మీద తిన్నగా ప్రేమ్ బజార్ వెళ్లింది. జిరాక్సు షాపు పైన ఇందు అద్దెకుంటున్న గది. ఒక మూల కంప్యూటరు. ఇంకో మూల తలుపులు తెరిచిన స్టీలు బీరువా, దాని చుట్టూ వేలాడదీసిన బొంతలు, మధ్యలో మైకు. కింద బజారు చప్పుడు రికార్డింగులోకి రాకుండా చేసుకున్న ఏర్పాటు.

ప్రద్యుమ్న అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇందు అతనికి టీ ఇచ్చి గోడకి చేరగిలబడింది. ఆమె ముఖం చూస్తే ఇద్దరూ చాలాసేపట్నించి వాదించుకుంటున్నారని తెలిసిపోతోంది.

"ఆంటీ, మా వాళ్లకి బాగా నచ్చింది," అన్నాడు ప్రద్యుమ్న. "ఇందుని హైదరాబాదు రమ్మంటున్నారు. స్టూడియోలోనే కూర్చుని గీసుకోవచ్చు. చిన్న మార్పు, అంతే. భార్య పాత్ర పెంచాలి. ఆవిడ ఇంకాస్త అరవాలి. ప్రతి మాటకీ చివర ఏటి, ఏటి అని రావాలి. ఇవాళ మీరు కొంచెం గట్టిగా..."

"అరవడానికేటి బాబూ, అరుస్తాను. ఆయమ్మెందుకు అరుస్తాదో సెప్పండి."

"నవ్వొస్తుందని."

"అది సూసినోల్లకి. ఆయమ్మకెందుకు?"

ప్రద్యుమ్న టీ కప్పు కిందపెట్టాడు. "కామెడీకి కారణాలుండవాంటీ. మొత్తం కథే అర్థం పర్థం లేనిది కదా."

"కత అలాటిదే గాని, మనుసులు అలాటోల్లు గారు బాబూ. ఆయమ్మకి మొగుడు సచ్చిపోడం నిజం, బురద నిజం. సచ్చిపోడాన్ని ఏటీ సెయ్యనేదు గాబట్టి బురద మీద కసురుకుంటాది. మీరు ఆయమ్మకి పొట్టెట్టి డప్పు కొడితే ఇంక బురదెవులు సూస్తారు?"

"పిన్నీ," అంది ఇందు మెల్లిగా.

ఆ పిలుపులో ఏముందో రాధారాణికి తెలుసు. రాత్రీ పగలూ ఆ కంప్యూటరు ముందు వంగి కూర్చుని ఇందు ఎదురుచూసింది హైదరాబాదు నుంచి ఇలాంటి అవకాశం కోసమే. రాధారాణి తలుపు వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగింది.

"సరే, అరుస్తాను. మరైతే ఆఫీసరు కూడా నాలాగే మాటాడాల. గార్డూ, డాక్టరూ, అందరూ. ఒక్క ఆడమనిసికే ఈ మాటెందుకు?"

ప్రద్యుమ్న నవ్వాడు. "ఆఫీసరు ఆ యాసలో మాట్లాడితే ఎవరు నమ్ముతారాంటీ?"

"సచ్చిపోనోడు డ్యూటీ సేస్తే నమ్ముతారు. ఆఫీసరు మా మాట మాటాడితే నమ్మరేటి?"

కింద జిరాక్సు మెషీను చప్పుడు వినిపిస్తోంది. రాధారాణి చెప్పులు విడిచి, బొంతలు పక్కకి తోసి బీరువా ముందు నిలబడింది.

"ఒలే ఇందూ, అది నొక్కు."

ఇందు నొక్కింది. రాధారాణి గొంతు పెంచలేదు. సెక్షన్‌లో ఫోర్‌మన్ సెలవు చీటీ చూసేటప్పుడు మాట్లాడే తీరులో, తాపీగా, కాస్త విసుగ్గా అంది.

"సచ్చిపోనావా? ఎవుల్నడిగి సచ్చిపోనావు? అందరూ ఇలాగ సచ్చిపోతే బళ్లెవులు నడుపుతారు? రిలీవరు రానీ. అప్పుడు సచ్చిపోదువుగాని. తొందరేటి? రూలు రూలే గదేటి."

గదిలో ఫక్కుమని నవ్వు వినిపించింది. ఇందు కాదు, ప్రద్యుమ్న. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కుర్చీలో ముందుకి వంగిపోయి నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లజోడు లేకపోతే అతని ముఖం చిన్నపిల్లాడిలా ఉంది.

"చిన్నప్పుడు మా సందులో అందరూ ఇలాగే మాట్లాడేవారు," అన్నాడు. "నేనూ మాట్లాడేవాణ్ణి. హైదరాబాదు కాలేజీలో మొదటిరోజు లేచి 'ఏటి సార్' అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నాలుగేళ్లూ ప్రతి మాటా ముందు మనసులో దిద్దుకుని, అప్పుడు పైకి అనేవాణ్ణి." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇది మనకి నవ్వొస్తుందాంటీ. వాళ్లకి రాదు. వాళ్లు నవ్వేదేదో వాళ్లకివ్వాలి."

"మిమ్మల్ని సూసి నవ్వినోల్లకే మల్లీ మమ్మల్ని ఇస్తారేటి బాబూ?"

ప్రద్యుమ్న ఇందు వైపు తిరిగాడు. "ఆంటీకి ఇష్టం లేకపోతే హైదరాబాదులో ఆర్టిస్టులున్నారు, ఆ యాస పలికేస్తారు. నీ నిర్ణయం చెప్పు. అక్కడ ఎక్కువకాలం ఆగరు."

"నా కోసం సూడకే," అంది రాధారాణి. "నువ్వెల్తానంటే ఎల్లు. నాకు కోపం నేదు. నేను మాత్రం అలాగ అరవను."

ఇందు కంప్యూటరు దగ్గరికి వెళ్లింది. తెర మీద బొమ్మ తెచ్చింది. గాజులకి పిన్నీసులున్న బక్క మనిషి గుమ్మంలో నిలబడి బూట్లకేసి చూస్తోంది. ఇందు ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

"నేనివ్వను," అంది. "ఇంకా ఏటీ కాయం సేసుకోనేదు గదండీ. ఈయమ్మ నాది. ఈయమ్మకి పొట్ట నేదు."

ప్రద్యుమ్న బేగు భుజానికి తగిలించుకున్నాడు. మెట్లు దిగిపోయాడు. అతను వెళ్లాక ఇందు కాసేపు ఏడ్చింది. రాధారాణి ఓదార్చలేదు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఏడుపు తగ్గాక, "ఆఫీసరు అయిపోనాడు. ఇంక డాక్టరు ఎవులు?" అని అడిగింది.

*

శనివారం సాయంత్రం ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్ల మధ్య తెలుగువాళ్ల సంఘం హాల్లో తెల్ల దుప్పటి కట్టారు. రికార్డు నవ్వులు లేవు, డప్పు లేదు. బొమ్మల నోళ్లన్నిటిలోనూ ఒకే యాస.

రాధారాణి తన అత్తగారైన అప్పలనర్సమ్మని ముందు వరసలో కూర్చోబెట్టింది. పక్కింటి పోలమ్మ ఆవిడ పక్కన చేరింది. హరిబాబు లోపలికి రాలేదు. గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దీపాలు ఆర్పేశారు. బ్రేక్‌వేన్‌లో సింహాద్రి ప్రాణం వదిలాడు. ఇంటికొచ్చాడు. భార్య బూట్లు చూసి కసురుకుంది. ఒక్కరూ నవ్వలేదు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఈ హాల్లో గార్డుల ఇళ్లవాళ్లు ఎందరో, ఇంటికి రాని గార్డుల ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు. ఇందు రాధారాణి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆఫీసరు వచ్చాడు. కోటూ టై వేసుకుని, పెద్ద బల్ల వెనక కూర్చున్నాడు. "సచ్చిపోనావా? ఎవుల్నడిగి సచ్చిపోనావు?"

గుమ్మం దగ్గర్నించి గుర్రం సకిలించినట్టు చప్పుడు వచ్చింది. హరిబాబు. దగ్గు నటించాడు గాని అప్పటికే ఆలస్యమైపోయింది. మొదట వెనక వరసలోని రిటైరైన డ్రైవరు అందుకున్నాడు, తర్వాత ఆడవాళ్లు. "రూలు రూలే గదేటి" అనేసరికి పోలమ్మ తొడ చరుచుకుని, "ఓలమ్మో, మా ఆఫీసోడే!" అని అరిచింది. డాక్టరు వచ్చి, శవం నాడి పట్టి, "బీపీ బాగానే తగ్గినాది, డ్యూటీకి ఫిట్టే" అన్నప్పుడు హాల్లో ఎవరికీ మాటలు వినబడలేదు. నవ్వుతున్నవాళ్లే కళ్లు తుడుచుకుంటున్నారు. పక్కవాళ్లు ఆ తడి ఏమిటని అడగడం లేదు.

అప్పలనర్సమ్మ ఒక్కర్తే నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెరకేసే చూస్తూ కూర్చుంది. లైట్లు వేశాక కూడా కదల్లేదు. ఒక్కొక్కరే అటు చూసి నవ్వు ఆపారు. హరిబాబు గబగబా లోపలికొచ్చి, వదిన ముఖంలోకి చూశాడు.

"ఇందూ, ఇటు రాయే," అంది ముసలావిడ.

ఇందు వెళ్లి ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది.

"పెళ్లామున్నాది, ఆఫీసరున్నాడు, డాక్టరున్నాడు. ఆడి తల్లేదే?"

ఇందు రాధారాణి వైపు చూసింది. "నేదు మామ్మా. నేను గీయనేదు."

"ఎందుకు గీయనేదు? సచ్చిపోనోడు ఇంటికొస్తే తల్లి ఊరుకుంటాదేటి? నన్నెట్టు. నేనేటి మాటాడాలో మీరు నేర్పక్కర్నేదు."

మర్నాడు పొద్దున్న హరిబాబే తల్లిని టోటో రిక్షా ఎక్కించి ప్రేమ్ బజార్ తీసుకొచ్చాడు. ఇరుకు మెట్లు ఎక్కలేకపోతే ఎత్తుకుని పైకి తెచ్చాడు. ఆవిడని బీరువా ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, మైకు కిందికి దింపారు. రాధారాణి బొంతలు సర్ది, అత్తగారి భుజం మీద చెయ్యి ఉంచింది. ఎప్పుడు మొదలుపెట్టాలో, మైకుకి ఎంత దూరంలో ఉండాలో ఇందు చెప్పబోయింది. ఆవిడ చెయ్యి విదిలించి ఊరుకోమంది.

ఇందు నొక్కింది.

అప్పలనర్సమ్మ ఆ చీకటి బీరువాలోకి, ఎవరో ఇప్పుడే వచ్చి ఎదుట నిలబడ్డట్టు తలెత్తి చూసింది. కిందనించి పైదాకా చూసింది.

"సచ్చిపోతే సచ్చిపోనావు గాని నాయినా, మజ్జాన్నం ఏటైనా తిన్నావా?"

హరిబాబు గోడవైపు తిరిగిపోయాడు. అతని భుజాలు అదురుతున్నాయి. నవ్వో ఏడుపో వెనకనించి తెలియడం లేదు. నవ్వు రికార్డింగులోకి వెళ్లిపోతుందని రాధారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇందు మెషీను ఆపలేదు.

ముసలావిడ జవాబు కోసం కాసేపు ఆగింది. రాకపోయేసరికి విసుక్కుంది.

"సెప్పవేటిరా?"